ఓణీల ఫంక్షన్‌కు ప్రిన్సెస్ స్టేజి కాకుండా ఇంకేం పెట్టించవచ్చు?

మాది నెల్లూరు. పదమూడేళ్ల మా అమ్మాయికి వచ్చే నెల రెండో వారంలో ఓణీల ఫంక్షన్. కల్యాణమండపం స్టేజి 24 అడుగుల వెడల్పు, డెకరేషన్‌కు 45 వేలు అనుకున్నాం. డెకరేటర్ చూపించినవన్నీ ఒకటే: గులాబీ రంగు కోట, గుమ్మడికాయ రథం, సింహాసనం, కిరీటం. లంగా ఓణీకి పిల్ల సరేనంది, మేనమామ తెచ్చే పట్టు ఏ రంగో కూడా తనే చెప్పింది. రథం ఎక్కమంటే మాత్రం ససేమిరా అంటోంది. తన పిచ్చంతా రాకెట్లు. శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే మిద్దెక్కి కూర్చుంటుంది. ఎల్‌వీఎం3 రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

రాకెట్ సెట్ అడిగితే 'అది మగపిల్లల పంచెల ఫంక్షన్‌కండీ' అన్నాడు డెకరేటర్. (ఉంది గోడౌన్‌లో! మా అక్క కొడుక్కి అడక్కుండానే పెట్టాడు.) ఫొటోలు పంపి గట్టిగా చెబితే అదే రాకెట్‌కు గులాబీ రంగు వేసి, చుట్టూ సీతాకోకచిలుకలు పెట్టి డిజైన్ పంపాడు. వేరేవాళ్లను అడిగినా ఇంతే. పోనీ అరటి చెట్లు, బంతిపూలతో సాదాగా కానిద్దామంటే 'ఆడపిల్ల ముచ్చట తీరొద్దా' అంటారు మా అత్తగారు. ముచ్చట ఎవరిదో మరి.

అక్షింతలు వేసే పెద్దవాళ్లు ముఖం చిట్లించకుండా, రాకెట్టో నక్షత్రాలో ఉన్న స్టేజిని ఓణీల ఫంక్షన్‌కు ఎవరైనా చేయించి ఉంటే, వెనక తెర రంగు, బొమ్మల గురించి డెకరేటర్‌కు ఏమని చెప్పారు?