గోమేదమా, గోమేధమా? నవరత్న శ్లోకం చివరి పాదం

గోదావరి గట్టు: రెండ్రోజులుగా ఒక పాదం నాలుక చివర ఉండి సతాయిస్తోంది. నవరత్నాల శ్లోకంలో ఆఖరిది. "నీలం నిర్మలమన్యయోశ్చ ... గోమేదవైదూర్యకే". మధ్యలో 'గదితే'నా, 'కథితే'నా? రెండిటికీ 'చెప్పబడ్డాయి' అనే అర్థం. మా అమ్మమ్మ ఉంగరం తీసి కళ్లకద్దుకుని చదివేది. నా చెవిలో 'కథితే' అనే ఉండిపోయింది. నమ్మకమైన పాఠం ఎవరి దగ్గరైనా ఉందా?

శార్దూలం: నేను నేర్చుకున్నది 'గదితే'. ఛందస్సుతో మాత్రం తేలదు, రెండూ సగణమే (రెండు లఘువులు, ఒక గురువు). రెండో పాదంలో 'నిగదితం' ఉంది కాబట్టి అదే ధాతువు మళ్లీ వచ్చిందని నా నమ్మకం. అన్నట్టు, మీరు ఒత్తు లేకుండా 'గోమేద' అని రాశారు, చాలా సంతోషం. ఎక్కడ చూసినా 'గోమేధికం' అనే కనిపిస్తోంది.

పంతులమ్మ: 'నిగదితం' ఉందంటే అదే ధాతువు మళ్లీ వాడకుండా 'కథితే' అని మార్చాడని కూడా అనుకోవచ్చు కదండీ. ఇక ఒత్తు సంగతి. సంస్కృతంలో గోమేదం, గోమేదకం. తెలుగులో మనం 'దకం'ను 'దికం' చేసుకున్నాం, దాన్నెవరూ తప్పనరు. ఇకారాన్ని ఒప్పుకున్నవాళ్లకు ఒత్తు దగ్గర అభ్యంతరం ఎందుకు?

శార్దూలం: ఇకారం వల్ల అర్థం చెడదమ్మా, ఒత్తు వల్ల చెడుతుంది. మేదస్సు అంటే కొవ్వు. మేధం అంటే అశ్వమేధంలో ఉన్న మేధం, యాగం. ఆవు కొవ్వు రంగు వల్లనే ఈ రాయికి ఆ పేరని రసరత్నసముచ్చయం చెబుతుంది. ఒత్తు పెడితే గోవును బలిచ్చే యాగం అవుతుంది. వేలికి పెట్టుకునే రాయికి ఆ పేరెందుకు?

సానపట్టెడ: మాది రాళ్లు పొదిగే ఇల్లు. వ్యాకరణం నాకు అంతగా రాదు గానీ 'కొవ్వు' అన్నమాట కంటితో చూశాను. మంచి గోమేదికాన్ని పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ (చిన్న భూతద్దం) కింద పెట్టండి. లోపల గీతలు, పగుళ్లు కాదు, చిక్కటి పాకంలో నీళ్లు పోసినప్పుడు కనిపించే సుడులు ఉంటాయి. మా నాన్న దాన్ని 'నెయ్యి కరుగుతోంది' అనేవారు. హెస్సొనైట్ అనే గార్నెట్ ఇది, కాల్షియం అల్యూమినియం సిలికేట్. నా ఓటు ఒత్తు లేని 'ద'కే.

గూడూరు మైకా: పాదంలో రెండో రాయిని అందరూ వదిలేశారు! 'వైదూర్య'మా, 'వైడూర్య'మా? మా తెలుగు మాస్టారు 'డ' అని పలికించేవారు. మైకా గనుల పక్కన పెరిగినవాణ్ణి. డంపుల్లో బెరిల్ ముక్కలు దొరికేవి, చెక్కిన పెన్సిల్‌లా ఆరు పలకలతో, పాత సోడా సీసా రంగులో. అసలు వైడూర్యం అదేనని విన్నాను. మరి షాపులో వైడూర్యం అంటే పిల్లికన్ను రాయి ఇస్తారేం?

శార్దూలం: పాణినికి 'ద'యే కావాలి. 'విదూరాఞ్ఞ్యః' అని సూత్రం, విదూరం అనే చోటి నుంచి వచ్చింది వైదూర్యం. పతంజలి దాని మీద పెద్ద చర్చే పెట్టాడు. రాయి పుట్టేది వాలవాయ పర్వతంలో, విదూరంలో కాదు. విదూరంలో సానపడతారంతే అన్నాడు.

హ్యూస్టన్ తెలుగు: పాళీలో 'వేళురియ' ఉంది గురువుగారూ. జనం నోట్లో ళ, డ తిరుగుతున్న మాటను పండితులు విదూరానికి ముడిపెట్టారని నాకు గట్టి అనుమానం. ఆ ప్రాకృతమే గ్రీకులోకి 'బేరిల్లోస్'గా వెళ్లి బెరిల్ అయింది. జర్మన్‌లో కళ్లజోడును 'బ్రిల్లె' అనడం కూడా దాన్నుంచే. మన మాట అంత దూరం వెళ్లిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. గూడూరు గారూ, మీ అనుమానం న్యాయమైనదే. బెరిల్ బెరీలియం అల్యూమినియం సిలికేట్. క్రోమియమో వనేడియమో చేరితే పచ్చ, ఇనుము చేరితే ఆక్వామెరీన్. పిల్లికన్ను క్రైసోబెరిల్ వేరే ఖనిజం, ఆక్సైడ్, అందులో సిలికా లేదు. పేరు ఒక రాయి నుంచి ఇంకో రాయికి మారింది.

పల్నాటి పద్యం: ద, డ తగువు ప్రాసతో, అంటే అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లుగా ఉండాలన్న నియమంతో తేల్చవచ్చు. 'వైదూర్య' అని పాదం మొదలైతే 'దూ' సరిగ్గా ప్రాస స్థానంలో పడుతుంది. మిగతా మూడు పాదాలు చూస్తే కవి ఏది పలికాడో తెలిసిపోతుంది. శ్రీనాథుడి సీసాల్లో వెతుకుతాను. సీసం అంటే ఆయనదే, ఏ మూల తెరిచినా నడక ఆగనివ్వదు.

పంతులమ్మ: సీసానికి ప్రాస నియమం లేదు కదండీ. ఎన్ని సీసాలు తిరగేసినా ఈ ముడి విడదు.

పల్నాటి పద్యం: నిజమే, తొందరపడ్డాను. అయితే ఉత్పలమాలలు చూస్తాను.

శార్దూలం: ఉత్పలమాల భగణంతో (గురువు, రెండు లఘువులు) మొదలవుతుంది, 'వైదూ' రెండూ గురువులే, ఇమడదు. కందంలో ఇముడుతుంది. శార్దూలంలో అయితే 'వైదూర్యప్రభ' లాంటి సమాసం కావాలి. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో వెతకండి, అదంతా శార్దూల మత్తేభాలే. దొరికినా దొరక్కపోయినా ఆ పద్యాలు మళ్లీ చదివినట్టుంటుంది.

పల్నాటి పద్యం: ఈ రాత్రే మొదలెడతాను. 'డ' ప్రాసతో ఒక్కటి దొరికినా పెడతాను.

గోదావరి గట్టు: ఇవన్నీ చదివి అమ్మమ్మ ఉంగరం బయటికి తీశాను. తేనె రంగు రాయి. లూప్ తెప్పించి చూశాను. నెయ్యి లాంటి సుడులు కనబడలేదు, లోపల తేటగా ఉంది.

సానపట్టెడ: పై నుంచి చూస్తూ అడుగు పలకల అంచుల మీద దృష్టి పెట్టండి. ఒక్కో అంచు రెండు గీతలుగా కనిపిస్తోందా? అయితే అది జిర్కాన్ కావచ్చు. అదీ సిలికేటే, జిర్కోనియంది. సీజెడ్ అని అమ్మే తయారీ రాయి కాదు, కంగారుపడకండి. జిర్కాన్‌ను కూడా గోమేదికం అనేవాళ్లున్నారు.

గోదావరి గట్టు: అవునండీ, అంచులు జంటగానే ఉన్నాయి. రేపు పగటి వెలుతురులో ఇంకోసారి చూస్తాను. ఇది తెలిస్తే అమ్మమ్మ ఏమనేదో గానీ, ఆవిడ 'గోమేద' అన్నప్పుడు ఒత్తు లేదు, ఇప్పుడు స్పష్టంగా గుర్తొస్తోంది. 'కథితే' పాఠం అచ్చులో ఎవరైనా చూసి ఉంటే చెప్పండి.