ఉలువటు గుడిలో కోతి కళ్ళజోడు లాక్కుంటే పండిచ్చి విడిపించుకోవచ్చా?

కొండగాలి:
బాలి దక్షిణపు కొసన, సముద్రానికి సుమారు 70 మీటర్ల పైన, కొండ అంచున ఉన్న పుర లుహుర్ ఉలువటు గురించి ఈ ప్రశ్న. అక్కడి కోతులు ఫోన్లు, కళ్ళజోళ్ళు ఎత్తుకుపోయి తిండి చూపిస్తేనే వదులుతాయి. నా మాట: ఇవ్వకూడదు. ఇచ్చిన పండు రేపు ఇంకొకరి వస్తువు పోవడానికి కారణమవుతుంది.

రేవుదీపం:
పవర్ అద్దాలు పోయినవాళ్ళకి ఆ మాట చెప్పగలరా అండీ? గోడ అవతల అంతా సముద్రమే, పడితే మళ్ళీ దొరకదు. పైగా బేరం చేసేది మనం కాదు, గుడి సిబ్బంది. లాక్కున్నాక వెంటపడొద్దు, అరవొద్దు. అదెక్కడ కూర్చుందో కనిపెడుతూ సిబ్బందిని పిలవాలి. వాళ్ళు ఒక పండు చూపిస్తారు, వద్దంటే ఇంకొకటి. మనం తరిమితే అది నోట కరుచుకుని చెట్టెక్కుతుంది, అక్కడ తీరిగ్గా నమిలి ఫ్రేము విరిచేస్తుంది.

కొండగాలి:
ఆ “ఇంకొకటి” దగ్గరే నా అభ్యంతరం. ఈ గుడి కోతుల మీదే చేసిన పరిశోధన 2021లో వెలువడింది. ఎదిగిన కోతులు ఖాళీ సంచుల్లాంటివి వదిలేసి, మనం విలువైనవిగా చూసుకునే ఫోన్లు, పర్సులు, కళ్ళజోళ్ళే ఎంచుకుంటాయట, వాటికి ఎక్కువ తిండి రాబడతాయట. అది పుట్టుకతో వచ్చే తెలివి కాదు. నాలుగేళ్ళ వయసు వచ్చేదాకా పిల్లకోతులు చూసి, చేసి నేర్చుకుంటాయి. నేర్పుతున్నది మన బేరమే కదా.

ఉప్పుచెక్క:
మీరిద్దరూ వస్తువు పోయాక సంగతే మాట్లాడుతున్నారు. పోకుండా చూసుకోవడం కష్టమేం కాదు. కళ్ళజోడు తీసి జిప్పున్న సంచిలో పెట్టి, సంచి పొట్టవైపు వేసుకోండి. అద్దాలు లేకుండా నడవలేనివాళ్ళు తల వెనక బిగించే పట్టీ వాడాలి. గోడకి వీపు ఆనించి ఫొటో దిగడమే పెద్ద తప్పు, కోతులు తిరిగేది ఆ గోడల మీదే. ఫోను తీసేముందు వెనకా, పైనా చూడండి. వేలాడే లోలాకులు, వదులు చెప్పులు వద్దు. ప్లాస్టిక్ కవరు గలగలమంటే తిండే అనుకుంటాయి. కళ్ళలోకి చూడకండి, పళ్ళు కనపడేలా నవ్వకండి, రెండూ వాటికి కయ్యానికి పిలుపే. ద్వారం దగ్గర ఇచ్చే సారోంగ్ (నడుముకి చుట్టుకునే బట్ట), నడుము పట్టీ కొసలు లోపలికి దోపుకోండి.
సాయంత్రం 6 గంటలకి రామాయణ కథతో ఆడే కెచక్ నాట్యానికీ, సూర్యాస్తమయానికీ జనం కిక్కిరిసి ఫోన్లు చాపి నిలబడతారు. గుడి కోసమే వెళ్ళేవాళ్ళకి ఉదయమే మేలు. లోపలి ప్రాకారం మటుకు పూజకు వచ్చేవాళ్ళకే, మనం హిందువులమని చెప్పి వాదించడం మర్యాద కాదు.

రేవుదీపం:
ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒకసారి పోయాక, వదిలెయ్యడం కోతికీ మంచిది కాదు. ఫోను కొరికితే బ్యాటరీ అంటుకోవచ్చు, గాజు ముక్కలు నోట్లో గుచ్చుకుంటాయి. అందుకే సిబ్బంది చేత విడిపించాలంటున్నాను.

కొండగాలి:
సిబ్బంది వరకైతే సరే, అంతవరకు దిగుతాను. సందర్శకులు “అవసరానికి ఉంటుంది” అని అరటిపళ్ళు సంచిలో పెట్టుకు వెళ్ళడానికి మాత్రం ఒప్పుకోను. వాసన పట్టి సంచి మీదే పడతాయి, పెనుగులాటలో కరుస్తాయి. ఫోను పట్టీ లాగినా వదిలెయ్యండి, ఎదురు లాగొద్దు. బాలిలో 2008లో రేబిస్ మొదట బయటపడింది ఈ గుడి ఉన్న బుకిత్ ద్వీపకల్పంలోనే, ఎక్కువగా కుక్కల ద్వారా. అయినా కోతి కాటునీ, రక్కునీ తేలిగ్గా తీసుకోకూడదు. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. కరిచింది మకాక్ కోతి అని డాక్టరుకి తప్పక చెప్పండి, ఆ కోతుల్లో ఉండే హెర్పిస్ బి అనే వైరస్ సంగతి కూడా వాళ్ళు చూడాల్సి ఉంటుంది.