తోలు పట్టీ కింద అయస్కాంతం పెట్టొచ్చా? కత్తి వాదరకి (పదునైన అంచుకి) మేలా, కీడా?

పటమట:
నాలుగేళ్ళుగా నిలువు కత్తితో గడ్డం గీసుకుంటున్నాను. సెలూన్లో సగం బ్లేడు తొడిగి గీసేది కాదు, పాతకాలపు మడత కత్తి, మనమే నూరుకోవాల్సింది. గీసుకునే ముందు ప్రతిసారీ దాన్ని తోలు మీద తీయాలి, అంటే వాదర సరిపడేలా అటూ ఇటూ నడపాలి. నా ఇబ్బంది ఆ తోలుతోనే. ఒక తోలుకి ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు పూశామంటే అది ఇక ఆ పేస్టుకే. అందులో రేణువు అర మైక్రాన్. పావు మైక్రాన్ డైమండ్ పేస్టుకి వేరే పట్టీ కావాలి. ఏమీ పూయని ఉత్త తోలు ఒకటి, గుడ్డ ఒకటి. ముతక రేణువు సన్నదాని మీదికి చేరితే పడ్డ కష్టమంతా పోతుంది.

నాలుగు చెక్కలు చేసుకునే బదులు ఒకే టేకు పీట చేశాను. 14 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు. పీటలో ఆరు గుంటలు తొలిచి, 10 మి.మీ. నియోడిమియం అయస్కాంతపు బిళ్ళలు అరాల్డైట్‌తో కూర్చాను. మీద మార్చుకునే పలకలు నాలుగు. ఒక్కొక్కటీ 0.4 మి.మీ. జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు, దాని మీద తోలో గుడ్డో అంటించింది. తోలు వన్‌టౌన్‌లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర కొన్నాను, తంగేడు పట్టతో ఊనిన గేదె తోలు. గుడ్డకి నవారు వాడాను. మంచానికి అల్లే ఆ 3 అంగుళాల నవారే, సరిగ్గా పీట వెడల్పు.

రెండు అనుమానాలు. ఒకటి, తీసేటప్పుడు అప్పుడప్పుడు పలక జారుతోంది. రెండోది, ఉక్కు కత్తిని రోజూ అయస్కాంతం మీద రుద్దితే వాదర పాడవుతుందని మా బావగారు గట్టిగా అంటున్నారు. చేసినవాళ్ళు, వాడినవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట పొది:
అబ్బాయ్, మా నాన్నగారు గుంటూరులో షాపు నడిపిన రోజుల్లో గోడ మేకుకి ఒక తోలు, దాని వెనక ఒక గుడ్డ, అంతే ఉండేవి. ముందు గుడ్డ మీద ఇరవై సార్లు, తర్వాత తోలు మీద యాభై సార్లు. కత్తి వీపు (మందపాటి వైపు) ముందు నడవాలి, వాదర వెనక రావాలి. తిప్పేటప్పుడు వీపు మీదే దొర్లించాలి. తోలుకి పేస్టు పూయడం మా ఇంట్లో లేదు. అరచేత్తో రుద్దేవారు, చేతి జిడ్డే దానికి చాలు. సానరాయి మీద పని సరిగ్గా అయితే పేస్టుతో పనేముంది? నీకు నాలుగు పలకలు కావాల్సి వస్తోందంటే లోపం రాయి దగ్గర ఉంది. ముందు అది దిద్దుకో.

ఇంకో సంగతి. చెక్క మీద అంటించిన తోలుకి ప్రాణం ఉండదు. వేలాడే తోలు కత్తికి కొంచెం ఒదుగుతుంది. ఆ ఒదుగు చేతికి తెలుస్తుంది.

పటమట:
పెద్దవారు చెప్పింది కాదనను. కానీ ఆ ఒదుగే నన్ను మొదటి ఏడాదంతా దెబ్బతీసింది. తోలు బిగువుగా పట్టుకోవడం నాకు చేతకాలేదు, అది కుంగింది, వాదర గుండ్రబడింది. షాపులో రోజుకి పాతిక గడ్డాలు గీసే చెయ్యి వేరు, వారానికి మూడుసార్లు తీసే నా చెయ్యి వేరు. గట్టి పీట మీద ఆ తప్పు జరగదు.

అరండల్‌పేట:
నాకైతే అయస్కాంతమే అనవసరం అనిపిస్తోంది. మన ఎండలు తెలిసిందేగా. మే నెలలో మేడ మీద గదిలో ఉంచితే అయస్కాంతం శక్తి తగ్గిపోదా? బిళ్ళలే కావాలనుకుంటే వాటి బదులు అయస్కాంతపు రబ్బరు షీటు వేసుకోవచ్చు. ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో మీటర్ల లెక్కన కోసిస్తారు, గుంటలు తొలిచే పని కూడా తప్పుతుంది.

ఆటోనగర్ షీట్‌మెటల్:
ఎండ సంగతి ముందు చెప్తాను. నియోడిమియం అయస్కాంతాన్ని 1980ల మొదట్లో జపాన్‌లో సుమిటోమో వాళ్ళు, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు ఎవరికి వారుగా తయారుచేశారు. అందులో మామూలు రకమే 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మన మే నెల దాన్నేం చేయలేదు. వేడికి మెత్తబడేది తోలు కింద పూసిన రబ్బరు గమ్ము. అంటించాక ఒక రాత్రంతా బరువు పెట్టి ఉంచండి, అంచుల దగ్గర మరీ జాగ్రత్త.

రబ్బరు షీటు వద్దు. దాని పట్టు పలచన, మధ్యలో కాగితమంత ఎడం వచ్చినా వదిలేస్తుంది. పైగా తోలు తేమకి ముడుచుకునే వస్తువు. వానాకాలంలో తోలు అంచులు లేస్తే దాంతోపాటు ఆ షీటూ లేస్తుంది.

ఇక పటమట గారి అసలు తప్పు రేకులో ఉంది. 0.4 రేకు మరీ పలచన. 10 మి.మీ. బిళ్ళ నుంచి వచ్చే అయస్కాంత బలాన్నంతా అంత పలచటి ఇనుము లోపల ఇముడ్చుకోలేదు. నిండిపోయి, మిగిలింది పైకి తోలులోకి పొంగుతుంది. అందుకే పట్టూ తక్కువ, వాదరకి అయస్కాంతం అంటడమూ ఎక్కువ. 1.5 మి.మీ. ఎమ్మెస్ (పూత లేని మామూలు మెత్తటి ఉక్కు) షీటు వేయండి. రెండు బాధలూ ఒకే దెబ్బతో తీరతాయి. దాన్ని కటింగ్ మిషన్ మీద కోస్తే అంచు వంగుతుంది, గాజు పలక మీద ఎమరీ పేపరు పరిచి చదును చేసుకోండి. ఎమ్మెస్ కాబట్టి ప్రైమర్ తప్పదు, మన గాలికి తుప్పు తొందరగా పడుతుంది.

జారడం గురించి ఒక మాట. అయస్కాంతాన్ని నిలువునా లాగితే ఉండే బలం వేరు, పక్కకి నెడితే ఉండే బలం వేరు. నునుపైన ఇనుము మీద నెట్టుడికి సుమారు అయిదో వంతుకే జారిపోతుంది. తోలు మీద కత్తి చేసేది నెట్టుడే. కాబట్టి పీట రెండు కొసల్లో చిన్న అడ్డపట్టీ పెట్టండి. అయస్కాంతం పని పలక లేవకుండా పట్టుకోవడం వరకే, నెట్టుడుని అడ్డపట్టీ ఆపాలి.

బ్రాడీపేట పొది:
అడ్డపట్టీ దగ్గర నేను ఒప్పుకోను. పలక జారుతోందంటే చెయ్యి బరువు పడుతోందని. కత్తి తన బరువుతో తాను నడవాలి. జారుడు నీకు మంచి హెచ్చరిక. దాన్ని అడ్డపట్టీ పెట్టి నోరు మూయిస్తే నువ్వు నొక్కుతూనే ఉంటావు, వాదర గుండ్రబడుతూనే ఉంటుంది.

పటమట:
ఈ మాట మీద నిన్న రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే స్ప్రింగు కాటా తెచ్చి తూచాను. పాత రేకుతోనే. పలకని నిలువునా లేపడానికి 5 కిలోల దాకా పట్టింది. పక్కకి లాగితే కిలోకి కొంచెం పైన జారింది. కత్తి బరువు 60 గ్రాములు. చెయ్యి తేలిగ్గా ఉంచి తీస్తే, తోలు మీద దాని లాగుడు నా కాటాలో 100 గ్రాములు కూడా చూపించలేదు. అంటే నేను సరిగ్గా తీస్తే పలక కదలడానికే వీల్లేదు. కదిలిందంటే పది రెట్లు నొక్కానన్నమాట. పెద్దవారి మాటే నిజం.

అయినా అడ్డపట్టీ పెడతాను. ఇదే పీట మీద మా ఇంట్లో కూరగాయల చాకులు, నా ఉలి కూడా తీస్తాం. వాటికి బలంగా నొక్కక తప్పదు. అప్పుడు పలక కదిలితే వేలు తెగుతుంది.

మంగళగిరి:
బావగారి అనుమానానికి ఇంకా ఎవరూ సరిగ్గా జవాబివ్వలేదు. కార్బన్ ఉక్కు కత్తి రోజూ అయస్కాంతం దగ్గర తిరిగితే దానికి అయస్కాంతం అంటుతుంది, అది నిజం. దానివల్ల ఉక్కు గట్టిదనం తగ్గదు. ఆకుపచ్చ పేస్టునీ డైమండునీ అయస్కాంతం లాగదు. లాగేది వాదర నుంచి రాలే ఉక్కు రజనునే. అది వాదరకి అంటుకుని మళ్ళీ తోలు మీదికి వస్తే గీతలు పడతాయి. తీశాక గుడ్డతో తుడవడం ఎలాగూ అలవాటే కదా, అది మానకండి. తోలు మీద కూడా బిళ్ళలు ఉన్న ఆరు చోట్ల రజను పేరుకుంటుందేమో నెలకోసారి భూతద్దంతో చూడండి.

డైమండ్ పేస్టుకి తోలు బదులు తెల్ల పొణికి చెక్క ప్రయత్నించారా? కొండపల్లి బొమ్మలు చెక్కేది దానితోనే. తేలిక, మెత్తన, పేస్టుని బాగా పీల్చుకుంటుంది. బయటి దేశాల్లో ఈ పనికి బాల్సా చెక్క వాడతారు.

మీ ఇంట్లో ఎవరికైనా గుండెకి పేస్‌మేకర్ ఉంటే మాత్రం ఈ పీట వాళ్ళ ఒళ్ళో పెట్టకండి. విడి బిళ్ళలు పిల్లలకి అందనివ్వకండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది.

పటమట:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. 1.5 షీటుతో పలకలన్నీ మళ్ళీ చేశాను. బిళ్ళలు చెక్క కంటే వెంట్రుక వాసి కిందికి ఉండేలా చూశాను. లేకపోతే పలక చెక్క మీద కూర్చోకుండా బిళ్ళల మీద ఊగుతోంది. ఒక గుండుసూదిని దారానికి కట్టి తోలు మీద వేలాడదీశాను. పాత పలక మీద ప్రతి బిళ్ళ దగ్గరా సూది గుంజుకునేది. కొత్త పలక మీద కదల్లేదు. బావగారిని కూర్చోబెట్టి చూపించాను.

పొణికి ముక్క కొండపల్లి నుంచి తెచ్చాను. పేస్టు పీల్చుకుంటోంది గానీ చదును నిలవడం లేదు, రెండోసారికే గోరు గుర్తులు పడ్డాయి. డైమండుకి మళ్ళీ తోలుకే వచ్చాను.

పేస్టు పలకలు ఇప్పుడు నెలకోసారే బయటికి తీస్తున్నాను. గీసుకునే ముందు ప్రతిసారీ నవారు, ఉత్త తోలు, అంతే. ఇది పెద్దవారి పద్ధతికి దగ్గరగా వచ్చిందని నాకే తెలుస్తోంది.

బ్రాడీపేట పొది:
దగ్గరగా వచ్చావు, ఇంకా రాలేదు. సానరాయి ఏ నంబరు (ఎంత సన్న రేణువు) దగ్గర ఆపుతున్నావో రాయి. ఆ నవారు ఉతికి, గంజి లేకుండా చేశావా? గంజి ఉంటే అది గుడ్డ కాదు, గరుకు కాగితం.