తక్కువ ఓమ్‌ల కాయిల్ బ్యాటరీని తినేస్తుందా? కాజాల పందెం, తీర్పు చెప్పండి

వైనతేయ_ఒడ్డు, రాజోలు

అందరికీ నమస్కారమండి. చిన్న తగువు తీర్చాలి.

మా పెదనాన్నగారబ్బాయి దుబాయ్‌లో ఏసీ మెకానిక్. సిగరెట్ మానేస్తానని చెప్పి ఈ-సిగరెట్ పట్టాడు. అక్కడ 2019 నుంచి వాటి అమ్మకం చట్టబద్ధమే. దాంట్లో ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగ చుట్టే కాయిల్, అది కరెంటుకి ఇచ్చే అడ్డుకి కొలత ఓమ్‌లు. మొన్నటిదాకా 0.4 ఓమ్ కాయిల్ వాడేవాడు. రాత్రి చార్జింగ్ పెడితే మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగేదాకా వచ్చేది. పోయిన నెల 0.15 కాయిల్ వేశాడు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళకే ఖాళీ. పైగా ఈ-సిగరెట్ డబ్బా చేతిలో వేడెక్కిపోతోందట.

ఓమ్‌లు తగ్గించావు కాబట్టి కరెంటు ఎక్కువ లాగుతోంది, ఇలాగే వాడితే బ్యాటరీ చచ్చిపోద్ది అన్నాను నేను. లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుందిరా, అంతా అదే చూసుకుంటుంది, కాయిల్‌కీ బ్యాటరీకీ సంబంధమే లేదు అంటాడు అన్నయ్య. వీడియో కాల్‌లో గంటసేపు ఇదే గోల. రెండు కేజీల తాపేశ్వరం కాజాలు పందెం కాశాం. నేను తాగను, ఎవర్నీ తాగమనట్లేదు. బ్యాటరీ సంగతి మాత్రమే తేల్చండి.

బ్యాటరీ_బాబాయ్, భీమవరం

కాజాలు మీవేనండి, అనుమానం లేదు.

పన్నెండేళ్లుగా బ్యాటరీ ప్యాకులు కట్టుకుని బతుకుతున్నవాణ్ని. ఎలక్ట్రిక్ స్కూటర్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, ల్యాప్‌టాప్‌లు, అన్నీ చూశాను. నిండా చార్జ్ అయిన లిథియం సెల్ 4.2 ఓల్టులు. దాన్ని 0.4తో భాగించండి, 10.5 ఆంపియర్లు. 0.15తో భాగించండి, 28. ఈ డబ్బాల్లో వేసే 18650 అనే వేలెడు పొడవు గుండ్రటి సెల్ మంచి కంపెనీదైనా ఆగకుండా ఇవ్వగలిగేది 20 ఆంపియర్ల చుట్టుపక్కలే. అది దాటిస్తే సెల్ లోపల వేడి పుట్టకేం చేస్తుంది?

మొన్నీమధ్య ఒకాయన స్ప్రేయర్ తెచ్చాడు. పాత మోటారు తీసేసి పెద్దది బిగించుకున్నాడట, మందు బాగా దూరం పడుతుందని. ప్యాకు ఒక్క పంటకాలం కూడా రాలేదు. ఇదీ అలాంటిదే. లోడు పెంచినవాడు ప్యాకుని తిట్టి లాభం లేదు.

లెక్కల_మేష్టారు, పాలకొల్లు

బాబాయ్ గారూ, మీ భాగహారం తప్పు కాదు. కానీ ఏ పరికరానికి అన్నది మీరు అడగలేదు.

మన కాలవల సంగతే తీసుకుందాం. తలుపు లేని తూము ఉందనుకోండి. బొక్క ఎంత పెద్దదైతే అంత నీరు పోతుంది, అడిగేవాడు ఉండడు. ఈ-సిగరెట్లలో ఇనప గొట్టంలా ఉండే మెకానికల్ రకం అదే. సెల్, మీట, కాయిల్, అంతే. బోర్డు లేదు. అక్కడ మీ 28 ఆంపియర్లు అక్షరాలా నిజం.

లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు ఉన్నాడనుకోండి. ఇవాళ ఇన్ని క్యూసెక్కులు అని పైనుంచి ఆర్డరు వస్తే అంతే వదులుతాడు. డబ్బా రకంలో ఉండే బోర్డు ఆ లస్కరు. మీరు తెర మీద 60 వాట్లు పెడితే కాయిల్‌కి 60 వాట్లే ఇస్తుంది. 0.15 కాయిల్ అయితే 3 ఓల్టులు, 20 ఆంపియర్లుగా ఇస్తుంది. 0.5 అయితే సుమారు 5.5 ఓల్టులు, 11 ఆంపియర్లుగా ఇస్తుంది. రెండూ 60 వాట్లే. ఇక బ్యాటరీ వైపు చూడండి. సెల్ 3.5 ఓల్టుల దగ్గరుంది, బోర్డు సామర్థ్యం 90 శాతం అనుకుంటే, 60ని 3.15తో భాగించాలి. 19 ఆంపియర్లు. ఈ లెక్కలో కాయిల్ ఓమ్‌లు ఎక్కడైనా కనిపించాయా?

కాబట్టి రాజోలు అబ్బాయీ, మీ అన్నయ్యది డబ్బా రకమైతే కాజాలు ఆయనకే.

బ్యాటరీ_బాబాయ్, భీమవరం

మేష్టారూ, లెక్క బ్రహ్మాండం. కానీ 0.15 కాయిల్ కొన్నవాడు 60 దగ్గర ఆగుతాడా అండి? కాయిల్ మీదే వాట్లు చెక్కి ఉంటాయి, చూడండి. తక్కువ ఓమ్‌ల కాయిల్ అంటే లోపల లోహం ఎక్కువ, దాన్ని వేడెక్కించాలంటే వాట్లు ఎక్కువ కావాలి. 40 వాట్లు పెడితే దాన్ని గోరువెచ్చగా కూడా చెయ్యలేరు. ఎవడైనా మీట నొక్కి, ఆవిరి రాక, పెంచుతాడు. పెద్ద చెరువు తవ్వించుకుని, నీరు మాత్రం బిందెడు చాలు అంటాడా?

ఇంకోటి. కొన్ని డబ్బాల్లో బోర్డుని పక్కన పెట్టి బ్యాటరీని నేరుగా కాయిల్‌కి కలిపే సెట్టింగు ఒకటుంటుంది, బైపాస్ అంటారు. అప్పుడు మీ లస్కరు సెలవు పెట్టినట్టే.

గట్టు_మీద_గాలి, నరసాపురం

క్షమించాలి, మధ్యలో దూరుతున్నాను. మన దేశంలో వీటిని 2019లోనే నిషేధించారు. సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ, ఏదీ కుదరదు. అమ్మి మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. అలాంటి వస్తువుకి ఏ కాయిల్ మంచిదని చర్చేమిటండి? మా ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడున్నాడు. ఇలాంటివి చదివి వాడికి సరదా పుడితే ఎవరిది పూచీ?

లెక్కల_మేష్టారు, పాలకొల్లు

మీ భయం అర్థమైందండి. నికోటిన్ ఏ రూపంలో ఉన్నా అలవాటు పట్టుకుంటే వదలదు, పిల్లలకి అసలే వద్దు. దాంట్లో నాకూ రెండో మాట లేదు. ఇక్కడ కొనమని గానీ, ఎక్కడ దొరుకుతుందని గానీ ఎవరూ చెప్పట్లేదు. అదే 18650 సెల్ మీ ఇంట్లో టార్చిలైట్లోనూ, పవర్ బ్యాంకులోనూ ఉండొచ్చు. దాని గుణం తెలుసుకోవడంలో తప్పేముంది?

డెయిరా_కుర్రోడు, దుబాయ్

ఆ అన్నయ్యని నేనేనండి. తమ్ముడు లింకు పంపాడు.

నాది డబ్బా రకమే, ఒకటే సెల్. ఎల్‌జీ హెచ్‌జీ2, 3000 ఎంఏహెచ్, 20 ఆంపియర్ల రేటింగు. తమ్ముడికి చెప్పని సంగతి ఒకటుంది. పాత కాయిల్‌కి 40 వాట్లు పెట్టేవాణ్ని. కొత్తదాని మీద 70 నుంచి 85 అని ఉంది. 40 దగ్గర బాగోలేదని 75 చేశాను. బాబాయ్ గారు నా పక్కన కూర్చుని చూసినట్టు చెప్పారు.

లెక్కల_మేష్టారు, పాలకొల్లు

అదీ సంగతి! ఇప్పుడు లెక్క వేద్దాం.

3000 ఎంఏహెచ్, సగటున 3.6 ఓల్టులు అంటే 10.8 వాట్-అవర్లు. బోర్డు నష్టం పోగా 9.7. దీన్ని 40 వాట్లతో ఖర్చు పెడితే మీట నొక్కి ఉంచే సమయం మొత్తం సుమారు 14న్నర నిమిషాలు. ఒక్కో పీల్పు 4 సెకన్లనుకుంటే 218 పీల్పులు. 75 వాట్లయితే 7.8 నిమిషాలు, 116 పీల్పులు. సాయంత్రం దాకా వచ్చేది మధ్యాహ్నానికే ఎందుకు అయిపోతోందో తెలిసిందా?

వేడి సంగతి ఇంతకన్నా ఘోరం. 40 దగ్గర సెల్ ఇచ్చేది సుమారు 12.7 ఆంపియర్లు. 75 దగ్గర 23.8. సెల్ లోపలి రెసిస్టెన్స్ 25 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే, మొదటిదాంట్లో సెల్ లోపల పుట్టే వేడి 4 వాట్లు, రెండోదాంట్లో 14. కరెంటు రెట్టింపు కూడా అవలేదు, వేడి మూడున్నర రెట్లయింది. కరెంటు వర్గంతో పెరుగుతుంది కదా! పైగా 24 ఆంపియర్లు లాగిన క్షణంలో ఆ లోపలి రెసిస్టెన్స్ దగ్గరే 0.6 ఓల్టు పడిపోతుంది. పైన తూములన్నీ ఎత్తేస్తే శివారు చేలకి నీరందదు చూడండి, అలా. చార్జ్ కొంత మిగిలి ఉండగానే బోర్డు చాలించుకుంటుంది. కాబట్టి 116 కూడా రావు.

బాబూ, మీ సెల్ రేటింగు 20. మీరు వాడుతున్నది 24. కాజాల సంగతి తర్వాత, ముందు అది తగ్గించండి.

బ్యాటరీ_బాబాయ్, భీమవరం

నేనన్నదీ అదేగా! మీరు చుట్టూ తిప్పి చెప్పారు, నేను ముక్కు నేరుగా పట్టుకున్నాను.

లెక్కల_మేష్టారు, పాలకొల్లు

కాదండి. మీరు కాయిల్‌ది తప్పన్నారు. నేను వాట్లది అంటున్నాను. 0.4 కాయిల్‌కి 75 వాట్లు పెట్టినా సెల్ ఇంతే ఏడుస్తుంది.

చెరువు_కాపలా, ఆకివీడు

నాకు ఈ కాయిళ్ల గొడవ తెలీదు గానీ, సెల్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాకు రెండు రొయ్యల చెరువులు. రాత్రి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడటానికి తలకి కట్టుకునే లైటు వాడతాను. సంతలో సెల్ కొన్నాను, దాని మీద 9900 ఎంఏహెచ్ అని పెద్దక్షరాలతో ఉంది. గంటన్నరకే గుడ్డి దీపం అయిపోయింది. అనుమానమొచ్చి మా ఊళ్లో కంసాలి దగ్గర త్రాసులో వేయించాను. 29 గ్రాములు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన సెల్ అదే త్రాసులో 45. ఆయన నవ్వి, బంగారంలో కూడా ఇంత కల్తీ చెయ్యరండి అన్నాడు.

బ్యాటరీ_బాబాయ్, భీమవరం

ఆయ్! మంచి పని చేశారు. ఆ సైజులో 9900 అన్నది ఇప్పటిదాకా పుట్టలేదు. మార్కెట్లో దొరికే మంచి సెల్లే 3500 దగ్గర ఉంటుంది. బరువు తక్కువైతే లోపల సరుకు లేదన్నమాట. ఇంకో మోసం కూడా ఉంది. పాత ప్యాకుల్లోంచి ఊడదీసిన సెల్‌కి కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి, 40 ఆంపియర్లని అచ్చు కొట్టి అమ్ముతారు. తొడుగు రూపాయి ఖరీదు ఉండదు.

అదీగాక, అసలు ఎల్‌జీ, శాంసంగ్‌లే ఈ విడి సెల్లు ఈ-సిగరెట్ల కోసం చేసినవి కావని, రక్షణ సర్క్యూట్ లేకుండా వాడొద్దని చెప్పాయి. ఆ మాట ఎవరూ చదవరు.

తొడుగు చిరిగిన సెల్ నా దగ్గరకి ఎవరు తెచ్చినా ముందు దాన్ని పక్కన పెట్టి కోప్పడతాను. సెల్ ఒళ్లంతా నెగెటివే. పైన గుండీ మాత్రమే పాజిటివ్. రెండిటికీ మధ్య ఉన్నది కాగితం లాంటి చిన్న రింగు, ఆ పల్చటి తొడుగు. విడి సెల్ జేబులో బండి తాళాలతో పాటు పడేస్తే చాలు, తాళం గుత్తే తీగై కూర్చుంటుంది.

లెక్కల_మేష్టారు, పాలకొల్లు

ఇక్కడ మాత్రం నేనూ బాబాయ్ గారూ ఒక్కటే. మెకానికల్ గొట్టం, ఏ సంతదో తెలీని సెల్, తక్కువ ఓమ్‌ల కాయిల్, ఈ మూడూ కలిస్తే అది బ్యాటరీ పాడవడం కాదు, పేలడం. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో టెక్సాస్‌లో ఒకరు ఈ-సిగరెట్ పేలి చనిపోయారు. గొట్టం రకంలో షార్ట్ అయినా ఆపే నాథుడు లేడు. లోపల పుట్టిన గ్యాసు పోవడానికి చిల్లులు సరిగా లేకపోతే అది సీమటపాకాయే.

కుర్ర_సోల్డరు, తణుకు

మేష్టారూ, ఒక డౌటు. నేను ఈ-సిగరెట్ వాడను, ఎలక్ట్రానిక్స్ పిచ్చి అంతే. 0.15 ఓమ్ అంటున్నారు గదా, దాన్ని కొలవడం ఎలా? నా మల్టీమీటర్‌తో రెండంగుళాల నైక్రోమ్ తీగ ముక్క కొలిస్తే ఒకసారి 0.5, ఒకసారి 0.7 వస్తోంది.

బ్యాటరీ_బాబాయ్, భీమవరం

రెండు ప్రోబుల మొనలూ ఒకదానికొకటి తాకించి చూడు తమ్ముడూ. సున్నా రావాలి కదా, 0.2 నుంచి 0.4 దాకా ఏదో ఒకటి చూపిస్తుంది. అది నీ మీటరు వైర్లదే. కొలవబోయేదాని కన్నా కొలిచే తీగ రెసిస్టెన్స్ ఎక్కువ. చిటికెడు ఉప్పుని బస్తా కాటా మీద వేసినట్టు. నాలుగు తీగలతో కొలిచే మీటరు కావాలి. గొట్టం రకం వాళ్లు కొందరు ఇలాంటి మీటరు నమ్మే కాయిల్ చుడతారు. 0.2 అనుకున్నది 0.1 అయితే 21 ఆంపియర్లు కాస్తా 42 అవుతాయి. అందుకే నేను ఓమ్‌లు తగ్గించొద్దని మొత్తుకునేది.

లెక్కల_మేష్టారు, పాలకొల్లు

ఇది మంచి పాయింటు, ఒప్పుకుంటున్నాను. ఇంకో మాట కూడా. లోహాన్ని బట్టి కూడా ఉంటుంది. కాంతల్ తీగ వేడెక్కినా ఓమ్‌లు దాదాపు మారవు. నికెల్ బాగా పెరుగుతుంది, అందుకని చల్లగా ఉన్నప్పుడు చాలా తక్కువ చూపిస్తుంది. అంకె ఒక్కటే చూసి భయపడటమూ తప్పే, ధైర్యపడటమూ తప్పే.

డెయిరా_కుర్రోడు, దుబాయ్

నాలుగు రోజులు చూసి రాస్తున్నాను. అదే 0.15 కాయిల్, వాట్లు 45కి తగ్గించాను. బ్యాటరీ సాయంత్రం అయిదు దాకా వచ్చింది. డబ్బా వేడెక్కలేదు. కానీ ఆవిరి చల్లగా, చప్పగా ఉంది, తడి గుడ్డ పీల్చినట్టు. ఇవాళ మళ్లీ 0.4 కాయిల్ వేసేశాను. మా రూమ్మేటు దగ్గర రెండు సెల్లులు వరసగా వేసే డబ్బా ఉంది, అందులో అయితే 75 వాట్లకి కూడా ఒక్కో సెల్ మీద 12 ఆంపియర్లే పడుతుందని లెక్క వేశాను. సరిగ్గా ఉందా మేష్టారూ?

లెక్కల_మేష్టారు, పాలకొల్లు

సరిగ్గా ఉంది. రెండు సెల్లులూ ఒకే రోజు కొన్నవి, ఒకే రకంవి అయి ఉండాలి, విడదీసి వేరేదాంట్లో వాడకూడదు. అంతకన్నా మీరు అసలు మొదలుపెట్టిన పని, మానెయ్యడం, దాని సంగతేమిటి?

బ్యాటరీ_బాబాయ్, భీమవరం

చూశారా, కాయిల్ మార్చగానే కష్టాలు పోయాయి! నేను మొదటి రోజే చెప్పాను.

లెక్కల_మేష్టారు, పాలకొల్లు

వాట్లు తగ్గించినప్పుడే పోయాయండి. కాయిల్ మార్చింది రుచి కోసం.

వైనతేయ_ఒడ్డు, రాజోలు

ఇంతకీ కాజాలు ఎవరు కొనాలండి? అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు.

బ్యాటరీ_బాబాయ్, భీమవరం

ఇద్దరూ చెరో కేజీ కొనండి. ఒకటి పాలకొల్లు పంపండి, ఇంకోటి నా కొట్టుకి. మడత కాజానా, గొట్టం కాజానా అని అడుగుతారేమో, గొట్టం కాజాయే. గొట్టాల్లో నేను ఒప్పుకునేది అదొక్కటే.