సమస్య: లేనివారి సొమ్ము లెక్క కెక్కె

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదమిది. ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టినప్పుడు జరిగే పొరపాటుతో పూరించండి. గణయతులతో పాటు ఎక్సెల్ కూడా ఒప్పుకోవాలి.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో పనిచేసే సభ్యురాలు:

వడ్ల జాబితాకు వడపోత పెట్టగా
నాల్గు వరుసలుండె నా యెదుటను
సమ్ము మీట నొక్క సరిపోక మొత్తమ్ము
లేనివారి సొమ్ము లెక్క కెక్కె

నిర్వాహకుడు: యతి చక్కగా కుదిరిందమ్మా, కానీ మూడో పాదంలో తప్పుంది. వడపోత ఉండగా ఆ మీట నొక్కితే ఎక్సెల్ తనంతట తానే సబ్‌టోటల్ వేస్తుంది. కనిపించే వరుసలే కలుస్తాయి. దాగిన వరుసలు కలిసేది మామూలు సమ్ సూత్రం రాసి ఉన్నప్పుడు. ‘సమ్ము సూత్రమునకు సర్వమ్ము గనిపించె’ అంటే గణాలూ నిలుస్తాయి, మాటా నిజమవుతుంది. సబ్‌టోటల్ సూత్రంలో మొదటి అంకెగా 9 గాని 109 గాని వాడండి. చేత్తో దాచిన వరుసలనూ వదిలేయాలంటే 109 మాత్రమే.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

ఖాళి వరుస నడుమ గట్టు వోలె నిలువ
దాని కింద పేర్లు దాగకుండ
పొరుగువారి వడ్లు పోగులో కలిసెను
లేనివారి సొమ్ము లెక్క కెక్కె

నిర్వాహకుడు: మాస్టారూ, ‘గట్టు’ దగ్గర ఆగిపోయాను! ఖాళీ వరుస దగ్గరే వడపోత ఆగిపోతుందని ఇంతకన్నా బాగా ఎలా చెబుతాం? ‘ఖాళీ’ని కుదించడం కొందరికి నచ్చదు, ఆ పోలిక కోసం ఒప్పుకుంటున్నాను. ఎడమ అంచు చూస్తే సంగతి తెలిసిపోతుంది: వడపోతకు లోబడిన వరుసల సంఖ్యలు నీలంగా మారతాయి, గట్టు కిందివి మారవు. పట్టిక మొత్తం ఎంచుకుని మళ్లీ ఫిల్టర్ పెట్టాలి.

మరో సభ్యుడు:

కంటి కెదుట నున్న గడులలో నతికింప
చాటు వరుసలందు జారిపడెను
ఉన్నవారి గడియె యుత్తదై మిగులంగ
లేనివారి సొమ్ము లెక్క కెక్కె

ఉపాధ్యాయుడు: ‘చాటు’కు ‘జారి’ యతి హాయిగా ఉంది నాయనా. సమస్యకు కొత్త అర్థం తెచ్చావు: కూలి ఒకరిది, జమ మరొకరికి. దీనికి విరుగుడు ఏమిటి?

అదే సభ్యుడు: అందరికీ ఒకే అంకె అయితే, గడులను ఎంచి ఆల్ట్, సెమికోలన్ కలిపి నొక్కాలండి, కనిపించేవే మిగులుతాయి. అంకె కొట్టి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే వాటిలోనే పడుతుంది.

మొదటి సభ్యురాలు: మూడో పాదం మార్చుకున్నానండి. ఈరోజు 109 పెట్టి చూశాను, తూకం చీటీలతో మొత్తం కలిసింది.