మా పిల్లికి రెండు రోజులుగా చొంగ కారుతోంది, కంగారు పడాలా?

జున్నువాళ్ళమ్మ (వైజాగ్):
అందరికీ నమస్కారం. మా జున్నుకి 7 ఏళ్ళు, ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బాల్కనీ దాటి బయటికి పోదు. చిన్నప్పటి నుంచీ దీనికో అలవాటు, రాత్రి నేను సోఫాలో కూర్చోగానే ఒళ్ళోకెక్కి ముందుకాళ్ళతో చపాతీ పిండి పిసికినట్టు పిసుకుతూ గుర్రుగుర్రుమంటూ ఉన్నట్టుండి నా నైటీ మీద టప్పున ఒక చుక్క వదులుతుంది. మా ఆయన దీనికి మెడలో రుమాలు కట్టమని ఏడిపిస్తుంటారు. అది మాకు అలవాటైపోయింది.

కానీ మొన్న శనివారం నుంచి ఒళ్ళో లేకపోయినా కారుతోంది. ఫ్రిజ్ పక్కన ఊరికే కూర్చున్నా గడ్డం కింద బొచ్చు తడిసి పోగులు పోగులుగా అతుక్కుని ఉంటోంది, దగ్గరికొస్తే వాసన కూడా. ఆకలి లేదా అంటే ఉంది, గిన్నె చప్పుడు వినగానే పరిగెత్తుకొస్తుంది, ఒక క్యాట్‌ఫుడ్ గింజ నోట్లో పెట్టుకుంటుంది, తల ఓ పక్కకి వంచి దాన్ని కింద పడేసి వెనక్కి వెళ్ళిపోతుంది. చేప ఉడికించిన నీళ్ళు మాత్రం నాకుతోంది. వాంతులు లేవు.

నాకు మూడు అనుమానాలు. బాల్కనీలో మనీప్లాంట్ ఉంది, అప్పుడప్పుడు కొరుకుతుంది. అమ్మ చీరలకి ఫాల్స్ కుడుతుంది, దారాలు ఎప్పుడూ కింద పడి ఉంటాయి. శనివారమే ఇల్లంతా ఫినాయిల్‌తో తుడిచాం. ఇవి చాలవన్నట్టు ఎదురింటి ఆంటీ రేబిస్ అయ్యుంటుంది అన్నారు, అప్పటి నుంచి మా పాపని దాని దగ్గరికి పోనివ్వట్లేదు. డాక్టరు దగ్గరికి పరిగెత్తాలా, రెండు రోజులు చూడొచ్చా?

పెరటిజామ:
చూడొద్దండీ, రేపే తీసుకెళ్ళండి. అర్ధరాత్రి పరిగెత్తాల్సిన కేసులా మాత్రం అనిపించట్లేదు.

ఒళ్ళో కారే చొంగ సంగతి వేరు, పిల్లి హాయిగా ఒళ్ళు మరిచి ఉన్నప్పుడు వస్తుంది, లేచి వెళ్ళిపోగానే ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి అలా కార్చే పిల్లులు మా ఇంట్లోనే రెండున్నాయి. చూడాల్సింది మార్పు. ఎప్పుడూ కార్చనిది కొత్తగా కార్చినా, మీ దానిలా సుఖంగా లేనప్పుడు కార్చినా ఏదో ఉన్నట్టే. మీరు రాసినదాంట్లో నన్ను చొంగ కంటే ఎక్కువ ఆలోచనలో పడేసింది ఆ గింజ సంగతి. ఆకలితో రావడం, తల ఓ పక్కకి వంచడం, పడేయడం. కడుపులో వికారం అయితే మామూలుగా తిండి మీద ఇంత ఆత్రం ఉండదు, ఇది తినాలనుకుంటోంది కానీ నొప్పి ఆపుతోంది. చాలావరకు పన్నో, చిగుళ్ళో, నోట్లో పుండో అయ్యుంటుంది.

పగటి వెలుతుర్లో ఒడిలో పెట్టుకుని నోరు తెరవకుండా పెదవి మూల ఒక్కటి పైకెత్తి చూడండి. పన్ను మొదట్లో ఎర్రటి గీత, పసుపుపచ్చ గార, ఒకవైపే వాపు, ఇవి కనిపిస్తాయేమో. తనకు తాను ఆవలించినప్పుడు నాలుక కింద ఒక చూపు వేయండి. దారం గానీ కనిపిస్తే దయచేసి లాగకండి. ఒక కొస నాలుకకి చుట్టుకుని రెండో కొస పేగుల్లోకి పోయి ఉంటుంది, లాగితే పేగుని కోసేస్తుంది. అదే గనక అయితే రేపటి దాకా కూడా ఆగకండి.

మనీప్లాంట్ ఆకులో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయి, చేమదుంప సరిగా ఉడక్కపోతే మన గొంతు దురద పెడుతుందే, అలాగే. అది కొరికిన కాసేపటికే బాగా చొంగ కారి, మూతి కాళ్ళతో రుద్దుకుని, మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. మూడో రోజుకి లాగదు. ఫినాయిల్ విషయం మాత్రం డాక్టరుకి తప్పక చెప్పండి, తడి నేల మీద నడిచి పాదాలు నాకితే నాలుక పుండ్లు పడుతుంది. ఇక ముందు నేల ఆరేదాకా గదిలోకి రానివ్వకండి.

కొండపల్లిబొమ్మ:
నోట్లో పూత అనుకుంటా అక్కా, డాక్టరు దాకా ఎందుకు. మా నానమ్మ అయితే తేనెలో పసుపు కలిపి రాసేది. ఒళ్ళు వెచ్చగా ఉంటే పిల్లల జ్వరం సిరప్ రెండు చుక్కలు వేయండి, పురుగులేమైనా ఉంటే ఒక వెల్లుల్లి రెబ్బ నూరి అన్నంలో పెట్టండి.

మూడుపిల్లులిల్లు:
పైన చెప్పిన సిరప్ ఎవరూ వేయొద్దు. వేయొద్దు. పిల్లల జ్వరం సిరప్‌లో ఉండేది పారాసిటమాల్, దాన్ని అరిగించుకునే ఏర్పాటు మనిషి లివర్లో ఉంది, పిల్లి లివర్లో దాదాపు లేదు. 4 ఏళ్ళ కిందట మా తమ్ముడు మంచి మనసుతోనే మా బూడిదపిల్లికి అర టాబ్లెట్ ఇచ్చాడు. సాయంత్రానికి మొహం, పంజాలు వాచాయి, నోటి నుంచి తీగలా చొంగ, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు చాక్లెట్ రంగు. రక్తం ఆక్సిజన్ మోయలేకపోతే అలా అవుతుందట. విరుగుడు ఇంజెక్షన్ ఉంది కానీ మేము వెళ్ళేసరికే ఆలస్యమైంది, తెల్లారేసరికి పోయింది. వెల్లుల్లి, ఉల్లి కూడా అంతే, పిల్లి రక్తకణాలని పాడుచేస్తాయి.

ఇంకోటి, ఇంట్లో కుక్క కూడా ఉన్నవాళ్ళు వినండి. కుక్కల పిడుదులకి మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్నిట్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకి ఏమీ కాదు, పిల్లికి పడితే చొంగ, వణుకు, మూర్ఛ. పెద్ద కుక్క కోసం కొన్నది మిగిలింది కదా అని పిల్లికి వేసేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తుంటారు.

కొండపల్లిబొమ్మ:
అయ్యో, నాకు నిజంగా తెలీదండీ. నా పోస్టు తీసేయనా?

మూడుపిల్లులిల్లు:
ఉంచండి. కింద జవాబు ఉంది కదా, ఇదే ఆలోచనతో వచ్చేవాళ్ళు చదువుతారు.

తిరుపతిరాముడు:
రేబిస్ గురించి నేను చెప్తాను, కుక్క కరిచి నేను సూదులు వేయించుకున్నప్పటి నుంచి దీని మీద బాగా చదివాను. చొంగ ఒక్కటే చూసి రేబిస్ అనరు. రేబిస్ పిల్లిలో ముందు మనిషి మారినట్టు ప్రవర్తన మారుతుంది, ఉన్నట్టుండి మీద పడటమో, మూలల్లో దాక్కోవడమో, గొంతు మారడమో, దవడ వేలాడి మింగలేకపోవడమో, నడక తూలడమో. లక్షణాలు మొదలయ్యాక సాధారణంగా 10 రోజుల లోపే చనిపోతుంది. మీది బయటికి పోనిది, ఇంకో జంతువు కరవలేదు, గిన్నె చప్పుడుకి పరిగెత్తుకొస్తోంది. టీకా వేయించారా లేదా రాయలేదు, అది డాక్టరుకి చెప్పండి. పాపని ప్రస్తుతానికి దూరంగా ఉంచడం తప్పేం కాదు, నోరు నొప్పిగా ఉన్న పిల్లి ముద్దు చేసినా కరుస్తుంది. వీధి పిల్లి ఇలా కారుస్తూ కనిపిస్తే మాత్రం పట్టుకుని నోరు చూడబోకండి. కరిచినా గీరినా సబ్బు పెట్టి ధారగా నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి వెళ్ళాలి.

వాసన అన్నారు కాబట్టి ఒక మాట. 7 దాటిన పిల్లి, ఈ మధ్య నీళ్ళు ఎక్కువ తాగుతూ బరువు తగ్గుతుంటే కిడ్నీల రక్తపరీక్ష అడిగి చేయించండి, కిడ్నీలు దెబ్బతిన్నా నోట్లో పుండ్లు పడతాయి. ఇంకా, పూర్తిగా తిండి మానేసిన పిల్లిని రెండు మూడు రోజులు వదిలేస్తే లివర్‌లో కొవ్వు పేరుకుపోతుంది, లావు పిల్లులకి మరీ ప్రమాదం. ఆ చేప నీళ్ళు నాకుతున్నంత వరకు కాస్త ఊపిరి పీల్చుకోండి, అంతే. చొంగతో పాటు నోరు తెరిచి రొప్పుతున్నా, వణుకుతున్నా, చిగుళ్ళు తెల్లగానో నీలంగానో మారినా, ఎండలో ఇరుక్కుపోయి వచ్చి కార్చినా, ఆ గంటలోనే బయల్దేరాలి.

జున్నువాళ్ళమ్మ (వైజాగ్):
అందరికీ థాంక్స్. ఈ రోజు వెళ్ళొచ్చాం. దారంతా ఆటోలో బుట్టలో ఇంకో గిన్నెడు చొంగ కార్చింది, అది ప్రయాణం వికారమట, డాక్టరు వెంటనే చెప్పారు. నాలుక కింద దారం లేదు. కింది దవడ ఎడమవైపు ఒక పన్ను, బయటికి కాస్త గార పట్టినట్టు ఉంది అంతే, ఎక్స్‌రేలో చూస్తే చిగురు దగ్గర చెదలు తిన్నట్టు కరిగిపోయి ఉంది. మన పిప్పిపన్ను లాంటిది కాదట, పిల్లుల్లో చాలా ఎక్కువగా వస్తుందట, దాన్ని పూడ్చడం ఉండదు, తీసేయడమే. కిడ్నీలు బాగున్నాయి. మత్తిచ్చి ఆ పన్నూ, దాని పక్కది కూడా తీశారు. టీకా నిరుడు వేయించాం, కార్డు చూపించి ఆంటీని కూడా ఊరుకోబెట్టాను.

ఇప్పుడు కొత్త భయం. ఇందాక ఇచ్చిన యాంటీబయాటిక్ అర టాబ్లెట్ వేయగానే నోరంతా నురగ, తల విదిలించి గోడల నిండా చిమ్మింది. ఇది రియాక్షనా?

పెరటిజామ:
మెట్రోనిడజోల్ ఇచ్చారా? అది చెప్పలేనంత చేదు, విరిచిన ముక్క నాలుకకి తగిలితే చాలు, సబ్బు మింగినట్టు నురగ కక్కుతుంది. 5, 10 నిమిషాల్లో సర్దుకుంటే చేదే. మొహం వాచినా, ఊపిరి ఇబ్బంది పడినా, వాంతులు ఆగకపోయినా ఫోన్ చేయండి. రేపటి నుంచి ఖాళీ క్యాప్సూల్ కొని అందులో పెట్టి వేయండి, మెడికల్ షాపులో అడగండి, దొరుకుతాయి. వేశాక ఒక చెంచాడు నీళ్ళు సిరంజితో చెంప పక్క నుంచి మెల్లగా పట్టించండి, పొడి మందు ఆహారనాళంలో ఇరుక్కుంటే అక్కడ కాలినట్టు పుండవుతుంది. తీసిన వైపు కాకుండా రెండో వైపు నుంచి వేయండి, కుట్లు ఉంటాయి.

జున్నువాళ్ళమ్మ (వైజాగ్):
అవును, అదే పేరు. నురగ ఆగింది, ఇప్పుడు ఫ్రిజ్ పక్కన కూర్చుని నన్ను చూడట్లేదు, అలిగింది.