ట్రిపుల్ ఐటీ హైదరాబాద్: నాలుగేళ్ల ఈసీఈనా, ఐదేళ్ల సీఎన్‌డీనా?

మా తమ్ముడి కోసం అడుగుతున్నా. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ సంగతి ఇది, బాసర, నూజివీడు కాదు.

ఒకటి జేఈఈ మెయిన్‌తో వచ్చే నాలుగేళ్ల బీటెక్ ఈసీఈ. రెండోది యూజీఈఈ (ఈ ట్రిపుల్ ఐటీ సొంత ప్రవేశ పరీక్ష) రాసి, ఇంటర్వ్యూ దాటితే దొరికే సీఎన్‌డీ: కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎమ్మెస్ బై రీసెర్చ్. ఐదేళ్లన్నది కాగితం మీది లెక్క. థీసిస్ రాసి డిఫెండ్ చెయ్యాలి. మధ్యలో గైడ్ మారినా, పంపిన రీసెర్చ్ పేపర్ తిరిగొచ్చినా నెలలు అలా జారిపోతాయి. ఉద్యోగం ఆఫర్ చేతిలో ఉండి థీసిస్ మిగిలిపోతే మరీ ఇరకాటం. కంప్యూటర్ సైన్స్ అనే పేరు చూసి మాత్రమే ఇందులో చేరడం నాకైతే తప్పుగానే అనిపిస్తోంది.

అక్కడ చదివినవాళ్లు చెప్పండి: ల్యాబ్, గైడ్ ఎంపిక ఏ సెమిస్టర్‌లో తేలుతుంది? కోరుకున్న ల్యాబ్‌లో ఖాళీ లేకపోతే ఏం చేస్తారు? రీసెర్చ్ పడకపోతే బీటెక్ డిగ్రీతో బయటికి రానిస్తారా, ఏ షరతుల మీద? ఈసీఈలో చేరి, ఆనర్స్ (బీటెక్‌లోనే అదనంగా చేసే రీసెర్చ్) ద్వారా ల్యాబ్ పని, ఎలక్టివ్‌లుగా కంప్యూటర్ సైన్స్ కోర్సులు తీసుకుంటే సరిపోతుందా, లేక ఆ కోర్సుల్లో సీట్లు ముందే నిండిపోతాయా?

వాడికి కోడింగ్ ఇష్టం, ఫిజిక్స్ ఫర్వాలేదు. కెమిస్ట్రీ పుస్తకం తెరిస్తేనే మొహం చిట్లిస్తాడు.